బొంబాయి మండిన నాడు భివండి

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండల నుండి వచ్చి పద్మానగరులో కాపురాలు పెట్టిన మన నేతవారికి 1970, 1984 అనగానే గుండె జల్లుమంటుంది. 1970 మే 7న శివజయంతి ఊరేగింపులో రేగిన మతకలహంపై జస్టిస్ మాదన్ విచారణ జరిపినారు. 1984 మే నెలలో మళ్ళీ అదే కథ. సాంచాల యజమాని ఒక మతం వాడు, నడిపేవాడు మరొక మతం వాడు అయిన ఊళ్ళో కత్తి దూస్తే మగ్గం ఆగక తప్పదు.

1988లో పోలీసు డిప్యూటీ కమిషనరుగా ఉన్న సురేశ్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించినారు. పెద్దమనుషుల శాంతి సంఘాలు అల్లరి ముగిసినాక గదా కూడేవి! ఇవి అట్లా కావు. హిందువులూ ముస్లిములూ సమంగా కూర్చుని, పోలీసుల ఎదుట నీళ్ళ తగాదాలూ, మురుగుకాలువ తగాదాలూ తీర్చుకొనేవారు. ఆ చిన్న తగాదాల వద్దనే ఒకరి ముఖం ఒకరికి తెలిసివచ్చినది.

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేయబడినది. ఆ డిసెంబరు, మరుసటి జనవరి అల్లర్లలో బొంబాయిలో మరణించినవారు 900 మంది అని శ్రీకృష్ణ కమిషన్ లెక్క. అందరూ భయపడినది భివండి గురించి. భివండి మాత్రం కదలలేదు.

1993 మార్చి 12న బొంబాయిలో వరుసగా బాంబులు ప్రేలి 257 మంది చనిపోయినారు. కుట్ర త్రాళ్ళు దుబాయి, పాకిస్తానుల దాకా పోయినవి. ఆ చిక్కు ఢిల్లీ విదేశాంగం వారి పాలబడినది. అయితే ఆ ప్రేలుళ్ళకు అంతకు ముందరి అల్లర్లే హేతువుగా కనిపిస్తున్నవని శ్రీకృష్ణ కమిషనే వ్రాసినది. సరిహద్దు ఆవలి వానికి వత్తి అందించినది మన ఇంటి పగయే. అటు తరువాత బొంబాయిలోనూ మొహల్లా కమిటీలు వెలసినవి.