నీళ్లకు కాపలా

మా తాత ట్రంకుపెట్టెలో మిలిటరీ కాయితం ఒకటుంది. మా ఇంట్లో దాన్ని చదవగలిగిన మొదటోణ్ణి నేనే. అందులో తాత ఎత్తుంది, కులముంది. ఆయన దాటిన కాలవ లేదు.

బడిలో నేను చెప్పే రెండో ప్రపంచయుద్ధం పాఠం కూడా అంతే. ఇండియా నుంచి పాతిక లక్షలమంది సైన్యంలో చేరారంటుంది. అందులో మాలమాదిగలెందరో చెప్పదు.

1857 తర్వాత తెల్లదొరలు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం తెచ్చి మనల్ని సైన్యానికి దూరం చేశారు. అంబేద్కర్ తండ్రి సుబేదారుగా చేసిన సైన్యమే మహార్లకు తలుపులు మూసింది. 1939లో యుద్ధమొచ్చి మనుషులు చాలకపోతే మళ్లీ తెరిచింది. 1941లో మహార్ రెజిమెంటు పుట్టింది. మా తాత పయొనీరు కంపెనీలో చేరాడు. తుపాకి కంటే పారా పలుగే ఎక్కువ పట్టాడు.

1943 చివర్లో బొంబాయిలో ఓడెక్కి, ఎర్రసముద్రం దాటి సూయజ్ కాలవలోకి పోయారు. 1941 జనవరి నుంచి జర్మన్ విమానాలు ఆ కాలవలో మందుపాతరలు జారవిడిచేవి. ఎక్కడ పడుతున్నాయో చూడ్డానికి గట్ల పొడుగునా మనుషుల్ని నిలబెట్టారు. రాత్రిళ్లు నీళ్ల మీద వలలు కట్టారు. తెల్లారి వల చిరిగిన చోట వెతికేవాళ్లు. గట్లు కోసుకుపోకుండా ఓడలు ఎద్దుబండి నడక నడవాలి.

"భయమెయ్యలేదా తాతా?" అనడిగాను చిన్నప్పుడు.

"నీళ్లకి కాపలా అక్కడే చూశాననుకున్నావంట్రా? మనూరి చెరువుకి లేదూ? అక్కడ మా ఓడ మునక్కుండా కాశారు. ఇక్కడ మన కడవ మునక్కుండా కాశారు."

ఆ కాలవ కథ నేను డిగ్రీలో చదివాను. ఈజిప్టు పేదరైతుల్ని వేలకు వేలు వెట్టికి పట్టుకొచ్చి తవ్వించారు. 1869లో ఓడలకు తెరిచారు. తవ్వినోడొకడు, ఏలినోడొకడు. వెట్టోడి మనవడైన మా తాత, వెట్టోళ్లు తవ్విన నీళ్లమీదే, తనది కాని యుద్ధానికి పోయాడు.

1946లో తిరిగొచ్చాడు. కంపెనీ రద్దయింది. పింఛను లేదు. బూట్లతో ఊళ్లోకి నడిచాడని విప్పించి చేతికిచ్చారు. ఆ పూట కూడా మా నాయనమ్మ చెరువుగట్టు మీద ఖాళీ కడవతో, ఎవరైనా పైనుంచి నీళ్లు పోస్తారేమోనని నిలబడే ఉంది.

1985లో కారంచేడు రగిలింది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆరుగురు మాదిగల్ని చంపారు.

ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఒకటడుగుతాను: మీ ఇంట్లో పాతపెట్టెల్లో కాయితాలేమైనా ఉన్నాయా? ఉంటే పట్రండి, చదువుదాం.