పొగకు తయారైనవాళ్లు బురదలోకి దిగారు

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, మట్టి, బండలు ఒక్కుమ్మడిగా మీద పడ్డాయి. పరుగెత్తగలిగినవాళ్లు బయటపడ్డారు. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు.

సింగరేణి బొగ్గుగనుల రెస్క్యూ బృందాలకు కబురందింది.

బొగ్గుబాయిలో రెస్క్యూ అనగానే ముందు గుర్తొచ్చేది నిప్పే. బొగ్గు తీసేశాక మిగిలే ఖాళీలో, అంటే గోఫులో, మిగిలిపోయిన బొగ్గు గాలి తగిలి దానంతటదే వేడెక్కుతుంది. మంట కనపడకముందే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. అందుకే రామగుండంలాంటి రెస్క్యూ స్టేషన్లో కుర్రాళ్లకు పొగలో నడవడం నేర్పుతారు. వీళ్లలో చాలామంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ఓవర్‌మన్లు. మామూలు రోజుల్లో ఎవరి బాయి వాళ్లు దిగుతారు. పిలుపొస్తే వీపు మీదికి పదిహేను కిలోల శ్వాసయంత్రం ఎక్కుతుంది. వదిలిన గాలినే వడగట్టి, ఆక్సిజన్ కలిపి, నాలుగు గంటల దాకా మళ్లీ మళ్లీ ఇస్తుందది. ఆ గాలి కాగిపోకుండా లోపల ఐసు పెడతారు. మాస్కులో మాట సరిగా వినపడదు, హారన్ మోతలే మాటలు. కెప్టెన్ మధ్యమధ్య ఆగి అందరి గేజీలూ చూస్తాడు. ఎవరి సిలిండర్లో ఆక్సిజన్ అందరికంటే తక్కువుందో, అతని లెక్కనే జట్టంతా వెనక్కి తిరగాలి. మిగతావాళ్లకు ఇంకా సత్తువ ఉన్నా సరే. ఇంత కఠినమైన నియమం, ఇంత దయగల నియమం నేనింకోటి చూడలేదు.

సొరంగంలో ఎదురైంది మాత్రం బురద. లోకో పోయినంత మేర పోయి, ఆపైన కన్వేయర్ బెల్టు వెంబడి నడిచి, మోకాటి లోతు నీళ్లలో దిగారు. సింగరేణి బాయిలున్న గోదావరిఖనికి నీళ్ల భయం తెలియనిది కాదు. 2003 జూన్ 16న అక్కడి సెవెన్ ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు పోయారు. ఈ సొరంగంలో దారికి అడ్డంగా ముక్కలైన టన్నెల్ బోరింగ్ మిషన్. గ్యాస్ కట్టర్లతో ఇనుము కోయాలి, బురద తోడాలి, పైనుంచి ఊట ఆగదు. సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్, ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో పేరు తెచ్చుకున్న ర్యాట్ మైనర్లు, వాళ్ల పక్కనే సింగరేణి వాళ్లు. షిఫ్టు దిగినవాడి చోట ఇంకొకడు.

కేరళ పోలీసు కుక్కలు జాడ చూపిన చోట తవ్వితే మార్చి 9న మిషన్ ఆపరేటర్ మృతదేహం దొరికింది. మార్చి 25న ఇంకొకటి.

వెతకడానికి కూలిన చోటికి ఆనుకుని ఉన్న కొద్ది మీటర్లే మిగిలాయి. అక్కడ చెయ్యి పెడితే కప్పు మళ్లీ కూలొచ్చని నిపుణులన్నారు. గేజీ చూసి వెనక్కి తిరగడం స్టేషన్లో నేర్చిన విద్యే. ఈ తిరగడానికి గేజీ ఏదీ లేదు. ఏప్రిల్‌లో వెతుకులాట ఆపేశారు. అప్పటికి ఆరుగురు ఇంకా లోపలే ఉన్నారు.