జుట్టు రాలుతోందా? మూడు నెలల వెనక్కి చూడండి

డెంగీ నుంచి కోలుకుని రెండు నెలలు దాటుతుంది. ఒంట్లో సత్తువ తిరిగి వచ్చి, ఇక అంతా బాగుందనుకుంటున్న వేళ తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు వస్తాయి. బాలింతలకు మూడో నెల దాటాక ఇదే అనుభవం ఎదురవుతుంది. చాలామంది ఆ వారం మార్చిన షాంపూనో, బోరు నీటినో తప్పుపడతారు. నూనె మారుస్తారు, ఖరీదైన సీరం కొంటారు. అసలు కారణం మాత్రం తరచుగా రెండు మూడు నెలల కిందటే జరిగిపోయి ఉంటుంది.

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకా కొన్నేళ్లు పెరిగి, ఆపై దాదాపు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది మొలుస్తుంది. అత్యధిక భాగం ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటుంది కనుక రోజుకు 50 నుంచి 100 రాలినా తల పలచబడదు. తలంటుకున్న రోజున ఇంకాస్త ఎక్కువ రాలడమూ సహజమే. అయితే తీవ్ర జ్వరం, శస్త్రచికిత్స, ప్రసవం, తిండి బాగా తగ్గించి వేగంగా బరువు కోల్పోవడం, పెద్ద మనోవేదన వంటివి ఎదురైనప్పుడు ఎన్నో వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. అవన్నీ రెండు మూడు నెలల తరువాత కలిసికట్టుగా రాలతాయి. వైద్యశాస్త్రంలో దీని పేరు టెలోజెన్ ఎఫ్లూవియం. ఇందులో కుదురు చెడిపోదు. కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లో రాలడం తగ్గుతుంది. మునుపటి ఒత్తుదనం రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈలోగా ఏ నూనె వాడుతుంటే ఆ నూనెకు ఘనత దక్కుతుంది!

జుట్టు కన్నా ముందు రక్తం

రాలడం ఆరు నెలలు దాటినా తగ్గకపోతే ముందుగా అనుమానించవలసింది ఇనుము లోపాన్ని, థైరాయిడ్ సమస్యను. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ సగం మందికి పైగానే. ఆయాసం, నీరసం, పాలిన ముఖం ఇంటిపనుల హడావుడిలో మరుగునపడిపోతాయి. ఊడే జుట్టు మాత్రం కంటపడుతుంది. దాన్ని సౌందర్య సమస్యగా చూసి నూనెలకు డబ్బు పోసేకన్నా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మేలు. శరీరంలో ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష వైద్యుల సలహాపై చేయించుకోవచ్చు.

వెంట్రుక ప్రధానంగా కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. అందువల్ల పప్పు, గుడ్డు, పెరుగు, చేప వంటివి రోజూ కొంతైనా కంచంలో ఉండాలి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టాలంటే పైన కాస్త నిమ్మరసం పిండుకోవడమో, ఉసిరి పచ్చడి చేర్చడమో మంచిది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుములో చాలాభాగం వృథా అవుతుంది. ఇక బయోటిన్ మాత్రలు: లోపం లేనివారికి వీటి వల్ల జుట్టు పెరుగుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. పైగా ఎక్కువ మోతాదులో తీసుకుంటే థైరాయిడ్, గుండె సంబంధిత రక్తపరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. పరీక్షకు వెళ్లేటప్పుడు వాటిని వాడుతున్న సంగతి తప్పక చెప్పాలి.

జడ కొన వయసు అయిదేళ్లు

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రెండడుగుల జడ కొన దాదాపు అయిదేళ్ల కిందట మొలిచింది. అన్నేళ్ల ఎండనూ, దువ్వెననూ, తలస్నానాలనూ అది భరించింది. చర్మం దాటి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. దెబ్బతింటే అది తనంతట తాను మానదు. కాబట్టి పైపూతలకు సాధ్యమైన పని తెగకుండా కాపాడడం వరకే.

ఆ మేరకు కొబ్బరినూనెకు మంచి ఆధారమే ఉంది. కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెలను పోల్చి 2003లో ప్రచురితమైన భారతీయ పరిశోధనలో, తలస్నానానికి ముందూ తరువాతా రాసినప్పుడు వెంట్రుక నుంచి మాంసకృత్తు నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడగలదు. తలంటుకు ముందు నూనె పట్టించే మన అలవాటుకు అర్థం ఉందన్నమాట. కానీ ఏ నూనే కొత్త కుదుళ్లను పుట్టించదు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె దట్టించి రోజుల తరబడి ఉంచితే అది పెరగవచ్చు కూడా.

తడి జుట్టు బలహీనంగా ఉంటుంది, సాగి తెగుతుంది. తలస్నానం కాగానే తువాలుతో టపటపా దులపడం, వెంటనే సన్నపళ్ల దువ్వెన దింపడం మానుకోవాలి. మెత్తని బట్టతో అద్ది, కొంత ఆరాక, పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కొనల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. షాంపూ మాడుకు, కండిషనర్ జుట్టు పొడవుకు. కుంకుడు రసమైనా, సీకాయ అయినా జిడ్డు వదిలాక పూర్తిగా కడిగేయాలి. వారానికి ఇన్నిసార్లే అన్న నియమం లేదు. చెమట పట్టే పని చేసేవారికి రోజు విడిచి రోజు తలస్నానం తప్పు కాదు.

బిగుతుగా లాగి వేసే జడలూ కొప్పులూ ఏళ్ల తరబడి కొనసాగితే నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు శాశ్వతంగా పోవచ్చు. బరువైన సవరాలు ఇదే ముప్పును పెంచుతాయి. బడికి వెళ్లే ఆడపిల్లల జడలు కాస్త వదులుగా వేస్తే చాలు. హెల్మెట్ వల్ల బట్టతల వస్తుందనే భయం మాత్రం నిరాధారం. లోపల శుభ్రమైన నూలు గుడ్డ కట్టుకుంటే చెమట బాధా తగ్గుతుంది. జుట్టు కోసం తలను పణంగా పెట్టవద్దు.

ఒత్తుగా కనిపించడం వేరే సంగతి. కొనలను సమంగా కత్తిరించుకుంటే జుట్టు నిండుగా కనబడుతుంది. ఏళ్లుగా ఒకేచోట తీస్తున్న పాపిడిని కొంచెం పక్కకు జరిపినా తేడా తెలుస్తుంది. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నది అపోహే. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాక మొలిచే జుట్టు గరుకుగా తగలడానికి కారణం కోసిన కొన మొద్దుగా ఉండడమే. కుదుళ్ల సంఖ్య మారదు.

నాణెమంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు కావచ్చు. ఇంటి వైద్యాలతో కాలయాపన చేయవద్దు. పాపిడి క్రమంగా వెడల్పవుతున్నా, రాలడంతో పాటు నెలసరి తప్పుతూ ముఖంపై రోమాలు పెరుగుతున్నా, మాడుపై మంట, పొలుసులు, మచ్చలు కనిపించినా చర్మవైద్యులను సంప్రదించాలి. వంశపారంపర్య బట్టతలకు మినాక్సిడిల్ పనిచేస్తుంది. కానీ ఫలితం కనిపించడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది, ఆపితే నిలవదు. మొదట్లో రాలడం కాస్త పెరగవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని వాడకూడదు. వైద్యుల వద్దకు వెళ్లే రోజున తలకు నూనె రాయకండి. గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు, తగ్గిన బరువు వివరాలను తేదీలతో ఒక కాగితంపై రాసి తీసుకువెళ్లండి.