ముఖం మీద పచ్చబొట్టు: ఓర్జమ్మార్ నుంచి స్టువర్టుపురం దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో ఆపేసిన మాట ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. కాంపు గదిలో పడుకుని ఫోన్‌లో చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో జనవరి వస్తే నేల రాయిలా గడ్డకడుతుంది. పునాదుల పని తగ్గిపోతుంది. సైట్ లేని రోజు నేను బేస్‌మెంట్‌లో కూర్చుని మావాడు ఆడే గేమ్ చూస్తుంటా. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అని, 2009లో కెనడాకి చెందిన బయోవేర్ కంపెనీ తీసింది. అందులో భూమి కింద ఓర్జమ్మార్ అనే మరుగుజ్జుల రాజ్యం ఉంటుంది. రాతి పని, కమ్మరం, గనులు. మొదట్లో మన పనోళ్ల ఊరే కదా అని సరదాగా చూశాను.

తర్వాత తెలిసింది, అక్కడ కులాలున్నాయి. దొరలు, యోధులు, కమ్మర్లు, చేతిపనివాళ్లు, గనివాళ్లు, వర్తకులు, సేవకులు. కొడుక్కి తండ్రి కులం, కూతురికి తల్లి కులం. వీళ్లందరి కింద ఏ కులమూ లేనివాళ్లు ఉంటారు. ఎప్పుడో వాళ్ల పూర్వీకులు నేరం చేశారని పుట్టగానే బిడ్డ ముఖం మీద పచ్చబొట్టు పొడుస్తారు. ఊరి చివర డస్ట్ టౌన్‌లో ఉండాలి. పని ఎవరూ ఇవ్వరు. ఇక మిగిలేది కార్టా అనే దొంగల ముఠా. దాంట్లో చేరగానే ఊరు అంటుంది: చూశారా, పుట్టుకతోనే దొంగలు!

"ఆ గుర్తు ఎందుకు పెడతారు నాన్నా?" అని మావాడు అడిగాడు. నాకు వెంటనే స్టువర్టుపురం స్టేషన్ గుర్తొచ్చింది.

బాపట్ల, చీరాల మధ్య ఉంటుంది ఆ స్టేషన్. చిన్నప్పుడు పాసింజర్ బండి అక్కడ ఆగే ముందు మా పెద్దవాళ్లు సంచులు ఒళ్లోకి లాక్కునేవాళ్లు. మేమూ లాక్కునేవాళ్లం. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కథ పాతది. ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పుని లోపలి ఊళ్లకి చేరేసి, ధాన్యం తెచ్చుకునే వర్తకులు. బుట్టలు అల్లేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం, తర్వాత రైలు, 1876-78 నాటి కరువు, అడవిలో వెదురు కొట్టకుండా కొత్త చట్టాలు. ఒకదాని మీద ఒకటి పడి ఆ బతుకు పోయింది. రైలొచ్చి సరుకు మోస్తుంటే గాడిద మీద ఉప్పు ఎవరికి కావాలి? పని పోయినవాడు ఊరూరా తిరుగుతుంటే పోలీసు కంటికి అనుమానమే.

1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ముందు ఉత్తరాదికి, 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఏ జాతిలో పుట్టాడన్నది లెక్క. ప్రభుత్వం ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రకటిస్తే కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. రిజిస్టర్‌లో పేరు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఇండస్ట్రియల్ స్కూల్లో పెట్టే అధికారం కూడా ఉంది. ముఖం మీద పొడవలేదు గానీ కాగితం మీద పొడిచారు. (వీసాకి మనం పది వేళ్లూ ఇచ్చిందీ వేలిముద్రలే. మనవి లోపలికి రానివ్వడానికి, వాళ్లవి బయటికి పోనివ్వకుండా.)

ఆ రోజుల్లోనే, 1913 ప్రాంతంలో, స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. బడి పెట్టారు, వైద్యం చేశారు, సాగుకి కొంత భూమి ఇచ్చారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీల్ని పంపారు. మంచివాళ్లే. కానీ సాయంత్రం హాజరు పిలిచిందీ వాళ్లే. సైట్‌లో నేనూ హాజరు పిలుస్తా, కానీ సెలవు రోజున నా మనిషి ఎక్కడున్నాడని అడిగే హక్కు నాకు లేదు. అదే తేడా.

మద్రాసులో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పేరు మాత్రం పోలేదు. గోరా గారి కొడుకు లవణం, జాషువా గారి కూతురు హేమలత దంపతులు 1970ల నుంచి అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. మన సినిమావాళ్లు మాత్రం 1991లో చిరంజీవితో ఒకటి, 2023లో రవితేజతో ఒకటి తీసి ఆ ఊరు పేరుకి మళ్లీ దొంగ ముద్రే కొట్టారు. రెండూ టికెట్ కొని చూశాను, దాచేదేముంది.

ఇప్పుడు అసలు మాట. నేను ఐటీఐలో ఫిట్టర్ చేసేటప్పుడు ఆ ఊరి కుర్రాడొకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు. అడ్రస్ అడిగితే బాపట్ల అనేవాడు. ఒకరోజు వర్క్‌షాప్‌లో వెర్నియర్ కాలిపర్ కనిపించలేదు. ఎవరూ నోరు తెరవలేదు, కానీ అందరి తలలూ అతనివైపు తిరిగాయి. నా తల కూడా. అతని సంచి బెంచీ మీద కుమ్మరించి వెతికారు. టిఫిన్ బాక్స్, రెండు నోట్‌బుక్కులు, ఒక తువ్వాలు. రెండు రోజులకి లేత్ మిషన్ కింద ఇనుప రజనులో కాలిపర్ దొరికింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తర్వాతి నెల నుంచి అతను రాలేదు.

గేమ్‌లో చివరికి రాజుని ఎన్నుకోవాలి. హారోమాంట్ మాట మీద నిలబడే పెద్దమనిషి, కానీ కులాల గోడలు ఇంకా గట్టి చేస్తాడు. భీలెన్ అన్నని చంపించినవాడు, కానీ కులంలేనివాళ్లకి దారి తెరుస్తాడు. మావాడు చాలాసేపు ఆలోచించి భీలెన్‌కి పట్టం కట్టాడు. నేనైనా అదే చేసేవాణ్ణి, మనసు ఒప్పుకోకుండానే.

ఇంకో సంగతి, ఓర్జమ్మార్‌లో నేల మీదికి వెళ్లిన మరుగుజ్జుకి కులం పోతుంది. మనం సముద్రం దాటి వచ్చాం, మనది పోయిందా? ఇక్కడ పండగ భోజనాల్లో మొదటి ప్రశ్న ఇంకా "మీ ఇంటిపేరేంటండీ?" అనే. సియాటిల్ నగరంలో 2023లో కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేశారంటే ఊరికే చెయ్యలేదు.

వచ్చే ఎపిసోడ్ కావలి, సీతానగరం సెటిల్‌మెంట్ల గురించి. ఆ ఊళ్లలో పుట్టి ఇప్పుడు కువైట్‌లోనో సింగపూర్‌లోనో పనిచేస్తున్నవాళ్లు వింటుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పక్కర్లేదు. ఫిట్టర్ ట్రేడ్ మధ్యలో మానేసిన ఆ తమ్ముడు గనక వింటుంటే, కాలిపర్ సంగతి నాకు గుర్తుంది తమ్ముడూ.