స్పోర్ట్స్ షూకు కస్టమ్స్ కోడ్ ఎలా వేస్తారు? దిగుమతి చేసుకుంటే ఎంత సుంకం పడుతుంది?

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. సింథటిక్ ట్రాక్ మీద పరుగెత్తేవాళ్లు వాడే స్పైక్ షూ, పొద్దున్నే వాకింగ్‌కు మనం వేసుకునే షూ... దుకాణంలో రెండూ స్పోర్ట్స్ షూలే. కస్టమ్స్ లెక్కలో మాత్రం రెండూ ఒకటి కాకపోవచ్చు.

విదేశాల నుంచి షూ తెప్పించి అమ్మాలనుకునే చిన్న వ్యాపారి తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇదే. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఎనిమిది అంకెల కోడ్ వేసి, సుంకం లెక్క కట్టి చూపాల్సిన బాధ్యత దిగుమతిదారుదే. తప్పు కోడ్ వేస్తే తేడా సుంకం, వడ్డీ కట్టాలి. ఒక్కోసారి జరిమానా కూడా తప్పదు.

కోడ్ దేన్ని బట్టి మారుతుంది?

బ్రాండ్‌ను బట్టి కాదు, ధరను బట్టి అంతకన్నా కాదు. పాదరక్షలన్నీ కస్టమ్స్ టారిఫ్‌లో 64వ అధ్యాయంలో ఉంటాయి. అక్కడ అడిగేవి రెండే ప్రశ్నలు: పైభాగం దేంతో చేశారు? అడుగు సోల్ దేంతో చేశారు? మామూలుగా స్పోర్ట్స్ షూకు సోల్ రబ్బరు లేదా ప్లాస్టిక్‌దే. కాబట్టి పైభాగమే కీలకం. అది కూడా రబ్బరు, ప్లాస్టిక్ అయితే 6402, తోలు అయితే 6403, గుడ్డ అయితే 6404.

పైభాగంలో రెండు మూడు పదార్థాలు కలిసి ఉంటే? బయటికి కనిపించే వైశాల్యంలో దేని వాటా ఎక్కువైతే అదే లెక్క. అంచు పట్టీలు, బకిల్స్, అలంకారాలు, బలం కోసం వేసిన అతుకులు లెక్కలోకి రావు. అసలు తగాదా ఇక్కడే వస్తుంది. రన్నింగ్ షూకు మెష్ గుడ్డ మీద ప్లాస్టిక్ పట్టీలు అతికిస్తారు. ఆ పట్టీ అలంకారమా, లేక అదే పైభాగమా? కింద గుడ్డ మొత్తం పరుచుకుని ఉందా, పట్టీ దగ్గర తెగిపోయిందా? దీన్ని బట్టి షూ 6404లో ఉండొచ్చు, 6402కు వెళ్లొచ్చు. మరో చిక్కు... గుడ్డ మీద ప్లాస్టిక్ పూత కంటికి కనిపిస్తే దాన్ని గుడ్డ అనరు, ప్లాస్టిక్ అంటారు. సింథటిక్ లెదర్ షూలు చాలావరకు 6402లో పడేది అందుకే.

మరి ‘స్పోర్ట్స్’ అనే మాటకు విలువ లేదా?

ఉంది, కానీ అర్థం చాలా ఇరుకు. టారిఫ్ ప్రకారం స్పోర్ట్స్ పాదరక్ష అంటే ఆట కోసం తయారై, స్పైకులో స్టడ్లో ఉన్నది, లేదా వాటిని బిగించే వీలున్నది. బాక్సింగ్, రెజ్లింగ్ బూట్లు, సైక్లింగ్ షూ, స్కేటింగ్ బూట్లు కూడా ఇందులోకి వస్తాయి. గుడ్డ షూ విషయంలో మాత్రం సడలింపు ఉంది: టెన్నిస్, బాస్కెట్‌బాల్, జిమ్, ట్రైనింగ్ షూలను కూడా స్పోర్ట్స్ షూతో కలిపి 6404 11లోనే పెట్టారు. అంటే మెష్ రన్నింగ్ షూ అందులో చేరుతుంది. అదే మోడల్ సింథటిక్ లెదర్‌తో వస్తే, స్పైకులు లేకపోతే, మామూలు పాదరక్షగానే చూస్తారు.

సుంకం ఎంత?

2020 బడ్జెట్‌లో పాదరక్షల మీద కస్టమ్స్ సుంకాన్ని 25 నుంచి 35 శాతానికి పెంచారు. 2025 బడ్జెట్‌లో దాన్ని 20 శాతానికి తగ్గించి, 18.5 శాతం వ్యవసాయ సెస్సు చేర్చారు. సాంఘిక సంక్షేమ సర్‌చార్జి తీసేశారు. కూడితే 38.5 శాతం. పాత 35 శాతం, దాని మీద సర్‌చార్జి 3.5 శాతం కలిపినా అంతే! తగ్గించారన్న వార్త చూసి షూ చౌక అవుతుందనుకున్నవాళ్లకు నిరాశే మిగిలింది.

ఉదాహరణకు ఒక జత విలువ, రవాణా, బీమా కలిపి రూ.4,000 అనుకుందాం. సుంకం రూ.800, సెస్సు రూ.740. మొత్తం రూ.5,540 మీద 18 శాతం ఐజీఎస్టీ సుమారు రూ.997. అంటే రేవు దాటేసరికే రూ.6,537. జత రూ.2,500 లోపు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే.

6401 నుంచి 6405 వరకు రేటు ఒకటే కదా, మరి కోడ్ గొడవ ఎందుకు? స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల రాయితీలు కోడ్‌ను బట్టే వస్తాయి. పైగా విడిభాగాల శీర్షిక 6406 వేరు. దాన్ని వాడుకుందామని షూను ముక్కలుగా తెప్పిస్తే చెల్లదు. ఒక సంస్థ పేరున అప్పర్లు, మరో సంస్థ పేరున సోళ్లు వచ్చిన కేసులో అవి కలిపితే షూయేనని సుప్రీంకోర్టు 2007లో తేల్చింది.

మన దగ్గర తయారైనా సుంకమా?

తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టు సెజ్‌లో అపాచీ సంస్థ అడిడాస్ షూ తయారు చేస్తోంది. సెజ్ చట్టం సెక్షన్ 30 ప్రకారం సెజ్ నుంచి దేశీయ మార్కెట్‌కు వచ్చే సరుకుకు దిగుమతి సరుకులాగే సుంకం వర్తిస్తుంది. ఓడ ఎక్కని షూకు కూడా కోడ్ కావాలన్నమాట.

అమెరికా నుంచి అన్నయ్య పంపితే?

సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే సుంకం పడే వస్తువులన్నిటికీ 9804 అనే ఒకే శీర్షిక ఉంది. తోలా గుడ్డా అని చూడరు. పార్శిల్ మీద ‘గిఫ్ట్’ అని రాస్తే సుంకం ఉండదన్న మాట ఇప్పుడు చెల్లదు. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు. రాఖీ, ప్రాణరక్షక మందులకే మినహాయింపు.

ఆర్డర్ పెట్టే ముందు

అమ్మకానికి తెప్పించేవాళ్లను సుంకం కన్నా ముందు ఆపేది బీఐఎస్. పాదరక్షల నాణ్యత నియంత్రణ ఉత్తర్వులు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. స్పోర్ట్స్ పాదరక్షలకు ప్రమాణం ఐఎస్ 15844. విదేశీ ఫ్యాక్టరీకి బీఐఎస్ లైసెన్సు లేకపోతే, సుంకం మొత్తం కట్టడానికి సిద్ధమైనా సరుకు బయటికి రాదు. అడ్వాన్సు పంపకముందే ఆ లైసెన్సు నంబరు అడిగి తీసుకుని సరిచూసుకోండి.

కోడ్ మీద సందేహం ఉంటే ఢిల్లీ, ముంబయిల్లోని కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి ముందే దరఖాస్తు చేయొచ్చు. ఫీజు రూ.10,000. రెండు మూడు పెట్టెలకు ఇది గిట్టుబాటు కాదు. ఏటా కంటెయినర్లు తెప్పించేవాళ్లు ఈ ఖర్చుకు వెనకాడక్కర్లేదు. చిన్న సరుకైతే నమూనా జత ఒకటి పట్టుకుని కస్టమ్స్ బ్రోకర్ దగ్గరికి వెళ్లండి. ఫొటోలో పట్టీ కింద గుడ్డ ఉందో లేదో కనిపించదు.