మోహరించడం

మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్ళలో మా క్లేటన్‌లోని మొనాష్ యూనివర్సిటీ పేరు వినని వాళ్ళుండరు. అది ఒక సేనాపతి పేరని ఎరిగినవాళ్ళు మాత్రం తక్కువే. మా అమ్మాయి అందులో చేరేదాకా నాకూ తెలియదు.

సర్ జాన్ మొనాష్ (1865-1931) వృత్తికి సివిల్ ఇంజనీరు, వంతెనలు కట్టినవాడు. 1918 జూలై 4న ఫ్రాన్స్‌లో హామెల్ అనే పల్లె దగ్గర ఆయన నడిపిన యుద్ధం గురించి చదువుతుంటే నాకు ఒక తెలుగు మాట గుర్తొచ్చింది. మోహరించడం. కాల్బలం, ఫిరంగులు, అరవై దాకా టాంకులు, విమానాలు, అన్నీ ఎక్కడ, ఏ నిమిషానికి ఉండాలో ముందే లెక్క కట్టాడాయన. టాంకుల చప్పుడు శత్రువుకి వినబడకుండా రాత్రి పైన విమానాలు తిప్పించాడు. తొంభై నిమిషాల్లో ముగించాలనుకున్న యుద్ధం తొంభైమూడు నిమిషాల్లో ముగిసింది. మా ప్రాజెక్టుల్లో మూడు నిమిషాల ఆలస్యానికి సన్మానం చేస్తారు!

ఈ మాటకి మూలం 'మోహరము'. అంటే సేన, యుద్ధం, వ్యూహం. పాత కన్నడంలోనూ 'మోహర' ఉంది. పీర్ల పండగ మొహర్రానికీ దీనికీ చుట్టరికం లేదు. అది అరబ్బీ నెల పేరు. చిన్నప్పుడు నేను రెండూ ఒకటే అనుకునేవాణ్ణి లెండి.

గమనించాల్సింది ఇంకోటుంది. భారతం కథ చెప్పే పెద్దలు "ఇరుసేనలూ మోహరించాయి" అనేవారు. అంటే సేనే కర్త, తనంతట తాను బారులు తీరి నిలబడుతుంది. ఇవాళ్టి పేపర్లో "బలగాలను మోహరించారు" అని ఉంటుంది. నిలబడేవాడు కర్మ అయిపోయాడు, నిలబెట్టినవాడి పేరు వాక్యంలోనే ఉండదు. ఈ మార్పు నాకంతగా నచ్చదు. హామెల్‌లో తెల్లవారకముందు తడి నేల మీద పడుకుని గంట కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళకి పాత వాక్యమే న్యాయం చేస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజూ వాడే 'డిప్లాయ్' కూడా సైన్యం నుంచి వచ్చిందే. మడత విప్పడం అని దాని ఫ్రెంచి మూలం. బారుగా నడిచొచ్చిన దండు యుద్ధభూమిలో అడ్డంగా పరుచుకుంటుంది చూడండి, ఆ విప్పుకోవడాన్నే అలా అన్నారు. మన మోహరించడమూ అదే పని. ఇరవై ఏళ్ళుగా డిప్లాయ్ చేస్తున్నా, దానికి తెలుగు మాట నా నోటి చివరే ఉందని నాకు తోచలేదు.

మొన్న శనివారం అర్ధరాత్రి దాటాక పని చేసుకుంటుంటే ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఇంకా పడుకోలేదేరా? అక్కడ ఎంతయిందిప్పుడు?"

"ఒంటిగంటన్నరమ్మా. కొత్త ప్రోగ్రాముని సర్వర్ల మీద మోహరిస్తున్నాం."

అవతల కాసేపు మాట లేదు.

"అక్కడా గొడవలేనా నాన్నా? తలుపులేసుకుని ఇంట్లోనే ఉండండి" అంది.