అవుట్‌బోర్డ్ స్టెబిలైజర్ ప్లేటు

చిన్న మోటారు పడవల్లో అవుట్‌బోర్డ్ ఇంజన్ కింది భాగానికి, ప్రొపెల్లర్‌కు కాస్త పైన, అడ్డంగా బిగించే రెక్కల పలక. హైడ్రోఫాయిల్, ఫిన్ అనే పేర్లతోనూ అమ్ముతారు. గట్టి ప్లాస్టిక్‌తో గానీ అల్యూమినియంతో గానీ తయారవుతుంది. పడవ వేగం అందుకునేటప్పుడు అమరాన్ని, అంటే వెనక భాగాన్ని, పైకెత్తి ముక్కును కిందికి దించడం దీని పని. తక్కువ వేగంలో పడవ చెప్పినట్టు వినేలా చేస్తుందని దీనికి పేరు. ఆ పేరు కొంతవరకే సార్థకం.

పూర్వరంగం

పడవ వెనక తగిలించి, పని కాగానే తీసేయగల ఇంజన్ మొదట ఎవరిదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ట్రూవే 1881లోనే విద్యుత్ మోటారు తగిలించి సేన్ నదిపై పడవ నడిపాడు. అమెరికాలో 1896 ప్రాంతంలో ఒక పెట్రోలు ఇంజన్ అమ్మకానికి వచ్చిందని కొందరు రాస్తారు. కామెరాన్ వాటర్‌మన్ పేటెంటు 1907 నాటిది. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నుంచి తన ఇంజన్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఎక్కువమందికి తెలిసిన పేరు ఎవిన్‌రూడ్‌దే. ఆలోచనలో తొలి స్థానం ట్రూవేకు, దాన్ని సామాన్యుడి పడవ దాకా తెచ్చిన ఘనత ఎవిన్‌రూడ్‌కు ఇవ్వడం సబబుగా తోస్తుంది.

నేటి అవుట్‌బోర్డ్ ఇంజన్లకు సాధారణంగా ప్రొపెల్లర్ పైన కంపెనీవారే పోతపోసిన చిన్న పలక ఉంటుంది. పైనుంచి గాలి ప్రొపెల్లర్ రెక్కల్లోకి దిగకుండా అది అడ్డుకుంటుంది. చాలామంది దాన్ని కావిటేషన్ ప్లేటు అంటారు గానీ, కావిటేషన్ వేరు. రెక్క మీద పీడనం బాగా పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారడం అది. 1890లలో చార్లెస్ పార్సన్స్ నిర్మించిన నౌక ‘టర్బీనియా’ తొలి పరీక్షల్లో అనుకున్న వేగం అందుకోలేకపోయింది అందువల్లే. దాన్ని పలక ఆపలేదు. స్టెబిలైజర్‌ను బిగించేది ఈ కంపెనీ పలకకే. విడిగా కొని తగిలించుకునే రెక్కల్లో డేవిస్ సంస్థవారి డోయెల్-ఫిన్ ముందుగా పేరు తెచ్చుకున్నవాటిలో ఒకటని చెబుతారు.

ముక్కు లేచే దశ

పడవ నీటిని తోసుకుంటూ పోయే వేగానికి ఒక హద్దు ఉంది. నీటిగీత దగ్గర పడవ పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. నౌకల నమూనాలను తొట్టిలో లాగి పరీక్షించే పద్ధతికి ఇంగ్లండ్‌లో బాట వేసిన విలియం ఫ్రూడ్ కృషికి ఈ లెక్క దగ్గరి చుట్టం. 16 అడుగుల పడవకు అది సుమారు 5.4 నాట్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. అది దాటాలంటే పడవ తాను లేపిన అలనే ఎక్కాలి. అప్పుడు ముక్కు లేస్తుంది, అమరం కుంగుతుంది, ఇంజన్ మూలుగుతుంది. ఆ అల దాటి నీటి మీద జారడం మొదలుపెడితే, అంటే ప్లేనింగ్‌కు వస్తే, పడవ మళ్లీ మట్టానికి దిగుతుంది.

ఈ మధ్య దశ బాగా ఇబ్బంది పెట్టేది గాలి నింపే రబ్బరు పడవలను. 12 అడుగుల పడవకు 15 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ అనుకుందాం. ఇంజన్ బరువే సుమారు 50 కిలోలు. దాని ముందే పెట్రోలు ట్యాంకు. టిల్లర్, అంటే ఇంజన్‌ను తిప్పే పిడి, పట్టుకుని వెనక ట్యూబు మీద కూర్చున్నది ఒక్క మనిషి. బరువంతా వెనకే చేరింది. థ్రాటిల్ తిప్పగానే ముక్కు నిక్కి ఎదుటి నీరు కనపడకుండా పోతుంది. ఎదురుగాలి ఆ ముక్కు కిందికి దూరితే పడవ పక్కకు తిరుగుతుంది. గాలి బలంగా ఉంటే వెనక్కి తిరగబడే ప్రమాదమూ ఉంది. ప్లేటు విలువ స్పష్టంగా తెలిసేది ఇక్కడే. అది అమరాన్ని ఎత్తిపట్టి పడవను త్వరగా ప్లేనింగ్‌కు తెస్తుంది, కాస్త వేగం తగ్గించినా అక్కడే నిలుపుతుంది. ముక్కు లేచిపడుతూ పడవ ఎగిరెగిరి పడే జబ్బునూ చాలావరకు అణుస్తుంది.

బలం లెక్క

రెక్క పుట్టించే ఎత్తుడు బలం వేగం వర్గంతో పాటు మారుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వద్ద ఒక ప్లేటు 20 కిలోల బలం ఇస్తుందనుకుంటే, 10 వద్ద ఇచ్చేది 5 కిలోలు, 5 వద్ద కిలోంబావు. జెట్టీకి చేరేటప్పుడు ఆ కిలోంబావుతో ఒరిగేదేమీ లేదు. ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీరు పడవకన్నా వేగంగా పోతుంది కనుక, వెనక్కి సాగిన ప్లేట్లు ఆ ధార నుంచి అదనపు బలం తీసుకుంటాయని ఒక వాదం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ ధార దాదాపు ప్లేటుకు సమాంతరంగానే సాగుతుంది కాబట్టి, పక్కలకు పరుచుకున్న రెక్కల వైశాల్యమే అసలు పని చేస్తుందన్న వాదం వైపే మొగ్గు చూపవచ్చు.

పడవ గరిమనాభికి 2 మీటర్ల వెనక 20 కిలోల బలం పైకెత్తితే ఎంత ఫలితమో, 20 కిలోల నిండు ట్యాంకును 2 మీటర్లు ముందుకు జరిపినా అంతే. ట్యాంకు జరపడానికి కావలసింది పొడవైన ఇంధన గొట్టం మాత్రమే. పైగా ఆ ఫలితానికి వేగంతో పని లేదు. టిల్లర్‌కు పొడుగు పిడి తగిలించి నడిపే మనిషి కూడా ముందుకు జరిగితే చాలా పడవలకు ప్లేటు అవసరమే రాదు.

నడక వేగంలో

ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పడవ అటూ ఇటూ తూలడం వేరే సమస్య. అవుట్‌బోర్డ్‌కు విడిగా చుక్కాని ఉండదు. ప్రొపెల్లర్ తోపు ఎటు తిరిగితే పడవ అటు పోతుంది. గేరు తీసేస్తే నీటిని పట్టేది ఇంజన్ కింది కాలు, దాని అడుగున ఉన్న చిన్న కత్తిలాంటి భాగం మాత్రమే. స్టీరింగ్ తిప్పాక పడవ స్పందించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆలోపు ఇంకాస్త తిప్పితే తూలుడు పెరుగుతుంది. సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లర్ రివర్స్‌లో అమరాన్ని ఎడమకు లాగుతుంది కూడా.

అడ్డంగా ఉన్న పలక వీటిలో దేన్నీ నేరుగా సరిచేయదు. అంచులు కిందికి వంగిన నమూనాలు పడవను కొంత తిన్నగా నడిపిస్తాయని వాడినవారు చెప్పేదాంట్లో కొంత నిజం ఉండవచ్చు. కచ్చితమైన మందు వేరే ఉంది: ఇంజన్‌ను పూర్తిగా లోపలికి వంచడం (ట్రిమ్ చేయడం), కొద్దికొద్దిగా తిప్పి ఆగడం, గేరు వేస్తూ తీస్తూ పోవడం. ఇవి చాలకపోతే ప్రొపెల్లర్‌కు అటూ ఇటూ నిలువుగా వేలాడే చుక్కాని రెక్కలు దొరుకుతాయి.

బిగింపు, పరీక్ష

ముందు చూడవలసింది ఇంజన్ ఎత్తు. కంపెనీ పలక పడవ అడుగుకు సమంగా గానీ అంగుళం లోపు పైన గానీ ఉండాలి. 15 అంగుళాల ఎత్తున్న పడవ వెనక గోడకు (ట్రాన్సమ్‌కు) 20 అంగుళాల షాఫ్టు ఇంజన్ తగిలిస్తే ప్లేటు లోతుగా మునిగి నీటిని ఈడుస్తుంది. మామూలు ప్లేట్లకు కంపెనీ పలకలో రంధ్రాలు వేయాలి. దానివల్ల వారంటీకి చిక్కు రావచ్చు కనుక పట్టీలతో బిగించే రకాలూ వచ్చాయి. అల్యూమినియంలో స్టీలు బోల్టులు వేసి ఉప్పునీటిలో దింపితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. రంధ్రం అంచులకు రంగు, బోల్టులకు రక్షణ పేస్టు తప్పనిసరి. తుప్పు నుంచి కాపాడటానికి ఇంజన్‌కు తగిలించిన జింక్ ముక్కను కప్పేయకూడదు. ఇంజన్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, పైకి లేపి, ప్లేటు ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.

ఫలితం తేల్చుకోవడానికి ఒకే బరువుతో, ప్రవాహానికి ఎదురూ వాలూ రెండు వైపులా నడిపి, ఏ వేగం వద్ద ప్లేనింగ్ జారిపోతోందో జీపీఎస్‌లో చూడాలి. ప్లేటుకు ముందు, తర్వాత అంకెలను పోలిస్తే చాలు. గరిష్ఠ వేగంలో కొంత తగ్గుదల కనిపించవచ్చు. వేగంలో ముక్కు మరీ దిగితే, ముఖ్యంగా వెనక నుంచి అలలు తరిమేటప్పుడు, పడవ ఉన్నట్టుండి పక్కకు కోస్తుంది. అందుకే కిల్‌కార్డ్, అంటే ఇంజన్ ఆపే తాడు, ఒంటికి తగిలించుకోకుండా ఈ పరీక్ష చేయరాదు. అమెరికాలో 26 అడుగుల లోపు వినోద పడవలకు ఈ తాడు వాడకం 2021 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి అయింది.

తెలుగునాట

ఆంధ్ర తీరంలోని ఫైబర్ తెప్పలకు వాడే పొడుగు షాఫ్టు ఇంజన్ల అమరిక వేరు; ఈ ప్లేటు వాటి కోసం చేసింది కాదు. వరదల్లో జాతీయ విపత్తు స్పందన దళం దించే రబ్బరు పడవలకు అవుట్‌బోర్డ్ ఇంజన్లే ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో అలాంటి పడవలే వీధుల్లోకి వచ్చాయి. వీధుల్లో సాగేది నడక వేగమే. అక్కడ ప్లేటు ఇచ్చే లాభం కన్నా తీగలు, కంచెలు, బట్టలు దానికి చుట్టుకునే భయమే ఎక్కువ. ఒక్క మనిషితో ఖాళీగా నదికి ఎదురెక్కే పడవకైతే అది అక్కరకొస్తుంది. జనం ఎక్కాక మాత్రం ముందు వైపు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెడితే ముక్కు దానంతట అదే దిగుతుంది.